ఎండకు పెట్టిన వాన సీసా

పదవీ విరమణ చేసినవాళ్ళు రాసుకునే రకం వ్యాసం ఇది. నాకు ముప్ఫై నాలుగేళ్ళు. ఎనిమిదేళ్ళు చేసిన ఉద్యోగం వదిలి వచ్చేశాను. మళ్ళీ ఆ వైపు వెళ్ళే ఉద్దేశం లేదు కాబట్టి నా మటుకు నాకు ఇది విరమణే.

వానలో, పొగమంచులో పాదరసం ఎంత ఉందో కొలవడం నా పని. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల తిరిగేవాణ్ణి. కెమిస్ట్రీ చదివి ఇలాంటి ప్రాజెక్టుల్లో చేరబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఏ హోదా, ఎన్ని ఫైళ్ళు కదిపాను అన్నవి రాయను. అవి మీకు పనికిరావు. సంస్థ పేరు కూడా చెప్పను. చెబితే ఆ ఒక్క చోటే ఇలా జరుగుతుందని అనుకుని మీరు నిశ్చింతగా ఉంటారు.

కోపంగా రాస్తున్నానని ముందే చెబుతున్నాను. చల్లారాక రాయమని ఇద్దరు స్నేహితులు సలహా ఇచ్చారు. చల్లారితే ఇందులో సగం మాటలు మర్యాద కోసం తీసేస్తాను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అసలు పని ఏమిటంటే

బొగ్గు కాల్చిన చోట, కొన్ని లోహాలు కరిగించిన చోట పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది. ఆ ఆవిరి నీళ్ళలో సరిగా కరగదు. అందుకని నెలల తరబడి గాలిలోనే ఉండి, దేశాలు దాటి తిరుగుతుంది. దారిలో కొంత భాగం ఇతర వాయువులతో కలిసి రూపం మార్చుకుంటుంది. ఆ మారిన రూపం నీళ్ళలో కరుగుతుంది, మబ్బులోని నీటిబొట్లు దాన్ని పట్టుకుంటాయి. బొట్లు వానై పడితే అది నేలకు, చెరువుకు, మడ అడవుల బురదకు చేరుతుంది. ఆ బురదలో సూక్ష్మజీవులు దాన్ని ఇంకా ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తాయి. అక్కడినుంచి చేపకు, చేపనుంచి మనిషికి.

పుస్తకంలో ఇక్కడితో ఆపేస్తారు. కష్టం ఇక్కడే మొదలవుతుంది. మబ్బులో కరిగిన పాదరసమంతా కిందికి రాదు. ఆ నీటిబొట్టులో పొగ, ఆకుల నుంచి వచ్చిన కర్బన పదార్థాలు ఉండి, దానిమీద ఎండ పడితే, పాదరసం మళ్ళీ పాత రూపానికి వెళ్ళి, బొట్టులోంచి బయటపడి గాలిలో కలిసిపోతుంది. బొట్టులో సముద్రపు ఉప్పు ఉంటే ఆ ఉప్పు దాన్ని పట్టి ఉంచుతుంది, తిరుగు ప్రయాణం నెమ్మదిస్తుంది. బొట్టులో పులుపు, అంటే ఆమ్లం, ఎక్కువైతే ఒక రకం, తక్కువైతే ఒక రకం. అంటే వానలో మన నెత్తిన ఎంత పడుతుంది, ఎంత తప్పించుకుని ఇంకొకరి నెత్తిన పడటానికి వెళుతుంది అన్నది మబ్బు నీళ్ళలో ఏమేం కలిసున్నాయో దాన్నిబట్టి ఉంటుంది.

మా ప్రాజెక్టు ప్రశ్న అదే. ఉప్పుగాలి, పొగ, ఎండ మూడూ దండిగా ఉన్న మన తీరంలో ఈ లెక్క ఎలా తేలుతుంది? మంచి ప్రశ్న. ప్రశ్న మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

కరీముల్లా యంత్రం

మబ్బు నీళ్ళు పట్టాలంటే కొండ కావాలి. మనకు కొండ లేదు. కానీ పొగమంచు అంటే నేలమీదకు దిగిన మబ్బే. శీతాకాలం ఉదయాలు కొల్లూరు లంకల్లో అరటిచెట్ల మధ్య అది కావలసినంత దొరుకుతుంది. దాన్ని పట్టడానికి ఒక చట్రం, దానికి వరసగా బిగించిన సన్నని నైలాను తీగలు, వెనక గాలి లాగే ఫ్యాను కావాలి. మంచు తీగలకు తగిలి, బొట్లై జారి, కింద సీసాలో పడుతుంది.

ఆ చట్రం చేసింది తెనాలి కరీముల్లా. పైపుల పని చేస్తాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, కరీం భాయ్ అనేవాణ్ణి. కాగితం మీద గీసిన బొమ్మ చూపించగానే నవ్వాడు.

"మబ్బుని పట్టే మిషనా సార్? ఇంటికెళ్ళి చెప్తే మా ఆవిడ నన్ను దర్గాకి తీసుకెళ్ళిద్ది."

పని మాత్రం నిక్కచ్చిగా చేశాడు. ఇనుప మేకు ఒక్కటి లేకుండా, అంతా ప్లాస్టిక్ పైపే. అయినా మొదటి మూడు నమూనాల్లో పాదరసం విపరీతంగా వచ్చింది. ఆఫీసులో అందరం యంత్రాన్ని అనుమానించాం. ఫ్యాను మార్చాం, తీగలు కడిగాం, సీసాలు మార్చాం. రెండు వారాలు పోయాక కరీముల్లాకు ఫోన్ చేస్తే ఒక్క నిమిషంలో తేల్చాడు.

"మిషన్ మా కొట్లో నెల రోజులుంది కదా సార్. పక్క కొట్లో ఇత్తడి సామానుకి బంగారు పూత వేస్తారు. పాదరసం పెట్టే వేస్తారు. మీరడిగితే మొదట్లోనే చెప్పేవాణ్ణి."

మేం అడగలేదు. మిషను చేసినవాణ్ణి అది ఎక్కడ చేశావని అడగాలని డిగ్రీలున్న ఆరుగురిలో ఒక్కరికీ తోచలేదు. కొత్త చట్రం వేరేచోట చేయించాం, లెక్క దారికొచ్చింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఎక్కువ వచ్చినప్పుడు మేం యంత్రాన్ని అనుమానించాం. తక్కువ వచ్చినప్పుడు ఏం చేశామో కింద చదవండి.

పద్నాలుగు సూచనలు

పొగమంచుతోపాటు వాన నీళ్ళు పట్టడానికి మూడు చోట్లు పెట్టుకున్నాం. తెనాలిలో ఒక మేడమీద, రేపల్లెలో ఒక బడి ఆవరణలో, మూడోది బాపట్ల దాటి దక్షిణంగా వాడరేవులో, అది మొదటి ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక మొదలైంది. ఒక్కో చోట ఒక పరిశీలకుడు. వాన వెలిసిన వెంటనే గరాటు కింది సీసా తీసి, ఎంత వాన పడిందో రాసి, నమూనాను తమ దగ్గర ఉంచాలి. సోమవారం నేను వెళ్ళి తెచ్చుకుని బాపట్ల ల్యాబులో యాసిడ్ కలిపి పరీక్షకు పెడతాను. మామూలుగా యాసిడ్ ముందే సీసాలో ఉండాలి. పాదరసం అప్పుడే నీళ్ళలో నిలబడుతుంది. ఇళ్ళల్లో యాసిడ్ ఉంచడం ప్రమాదమని మా డైరెక్టర్ గారు వద్దన్నారు. అది తప్పని అనను. కానీ ఒక రక్షణ తీసేస్తే ఇంకొకటి పెట్టాలి.

వాడరేవులో పరిశీలకురాలు బంగారమ్మ గారు. యాభై దాటిన మనిషి. భర్త, ఇద్దరు కొడుకులు పడవ మీద వెళతారు. ఆవిడ ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఐదు వరకు చదివింది. నన్ను 'బాబూ' అనేది, నేను 'పిన్నీ' అనేవాణ్ణి. మూడు చోట్లలోనూ అందరికంటే శుభ్రమైన నోటుబుక్కు ఆవిడదే.

వాళ్ళ ముగ్గురి కోసం తెలుగులో పద్నాలుగు సూచనలు నేనే రాశాను. జాబితాలంటే నాకు ఇష్టం. ఈ జాబితా మీద గర్వం కూడా ఉండేది. పదకొండోది ఇది: "నమూనా చెడిపోకుండా జాగ్రత్త చేయాలి." పన్నెండోది: "అప్పగించేటప్పుడు మూత గట్టిగా బిగించి ఇవ్వాలి."

మొదటి ఏడాది సీసాలు ముదురు గోధుమరంగువి. వెలుతురు లోపలికి పోదు. అందుకే 'చీకట్లో ఉంచాలి' అన్న మాట రాయలేదు. అవసరం లేదనుకున్నాను. రెండో ఏడాది గోధుమరంగు సీసాలు కావాలని ఆఫీసును అడిగితే తెల్లవి వచ్చాయి. ఇవి పనికిరావన్నాను. "సీసా సీసాయేనయ్యా, పని కానీ" అన్నారు డైరెక్టర్ గారు. కానిచ్చాను. సీసా మారింది, జాబితా మారలేదు. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు మనసులో చదువుకున్నానో లెక్క పెట్టలేదు.

సున్నాకు దగ్గరగా

ఆ వానాకాలం తెనాలి, రేపల్లె లెక్కలు ఎప్పటిలాగే వచ్చాయి. వాడరేవువి సున్నాకు దగ్గరగా వచ్చాయి. ఒక వారం కాదు, ప్రతి వారం. సముద్రం పక్కన ఉప్పు ఎక్కువ కాబట్టి పాదరసం నీళ్ళలో ఇంకాస్త ఎక్కువ నిలవాలి. ఇది తలకిందులు.

డైరెక్టర్ గారు కాగితం చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బోరు నీళ్ళు పోస్తోందయ్యా ఆవిడ. చేపల పని చూసుకోవాలా, నీ గరాటు దగ్గర కూర్చోవాలా? చూడు, క్లోరైడు కూడా ఎక్కువుంది. సముద్రం ఒడ్డు బోరు ఉప్పగా ఉండదూ?"

నమ్మాను. నా చేతిలో ఉన్న కాగితంలోనే, ఇంకో రెండు గళ్ళు పక్కకు చూస్తే, నమ్మకూడదని తెలిసేది. చూడకుండా వదిలేసినవి మూడు.

ఒకటి: కాల్షియం. బోరు నీళ్ళలో సున్నం దండిగా ఉంటుంది. ఆ నమూనాల్లో దాదాపు లేదు. అవి వాన నీళ్ళేనని చెప్పడానికి అదొక్కటే చాలు.

రెండు: పరిమాణం. పడిన వానకు రావలసిన నీళ్ళకంటే సీసాలో నీళ్ళు ప్రతిసారీ కాస్త తక్కువ ఉన్నాయి. నీళ్ళు కలిపి మోసం చేసేవాళ్ళు తక్కువ ఎందుకు ఇస్తారు?

మూడు: నోటుబుక్కు చివరి గడి. అందులో ఆవిడ తన చేతిరాతతో ఏదో రాసేది. మా కంప్యూటరు పట్టికలో ఆ గడికి చోటు లేదు. అందుకని నేను దాన్ని ఎప్పుడూ ఎక్కించలేదు. ఎక్కించనిది చదవలేదు.

నేను ఎప్పుడూ సోమవారమే వెళ్ళేవాణ్ణి. దొంగతనం పట్టుకోవాలని గురువారం వెళ్ళాను.

నేను అన్న మాట

ఇసుక మీద వలలు పరిచి నెత్తళ్ళు ఎండబెడుతున్నారు. పదిమంది ఆడవాళ్ళున్నారు. బంగారమ్మ గారు వంగి చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి నడుం ఎత్తింది.

"ఏంటి బాబూ, ఇయ్యాల వచ్చావు? సోమారం కాదుగా?"

ఆవిణ్ణి పక్కకు పిలవాల్సింది. పిలవలేదు.

"పిన్నీ, ఒక్క మాట నిజం చెప్పండి. మీరు సీసాలో పోసేది వాన నీళ్ళా, బోరు నీళ్ళా?"

పక్కన ఉన్న సుబ్బులమ్మ గారికి సరిగా వినపడదు. "ఏంటంట? ఏంటంట?" అని అడిగింది. ఇంకొకావిడ ఆమె చెవిలో అరిచి చెప్పింది: "మన బంగారమ్మ వానని కల్తీ చేస్తందంట!"

అందరూ ఫక్కున నవ్వారు. "పాలల్లో నీళ్ళు చూశాం గానీ, నీళ్ళల్లో నీళ్ళేంటే!" అని ఒకావిడ అందుకుంది. బంగారమ్మ గారు నవ్వలేదు. ఆవిడ మొహం చూసి మిగతావాళ్ళూ ఆపేశారు.

"నన్ను దొంగంటన్నావా?"

"లెక్కలు అలా వచ్చాయండి."

అంతవరకు మాట చివర పిన్నీ అనేవాణ్ణే గానీ, వట్టి 'అండి' అన్నవాణ్ణి కాను. పిన్ని అన్న పిలుపు ఆ ఒక్క మాటతో తెగింది. ఆవిడకది వెంటనే అర్థమైంది.

"అయితే రండి సారూ," అంది. నన్ను సారూ అనడం అదే మొదలు. "ఇల్లంతా చూసుకోండి. బోరెక్కడుందో మీరే చెప్పండి. మేం తాగేది ట్యాంకరు నీళ్ళు. పది బిందెలకి గంట నిలబడతాం. ఆ నీళ్ళు మీ సీసాలో పోస్తానా?"

వెళ్ళాను. ఇంటి ముందు అరుగు మీద, నడి ఎండలో, చేటలో పెట్టిన రొయ్యపొట్టు పక్కన, మా తెల్లసీసా ఉంది. మూత వదులు చేసి, పైన పల్చటి గుడ్డ కట్టి ఉంది. లోపల మంగళవారం పడిన వాన.

"అదేంటి అక్కడ పెట్టారు?"

"ఎండకి పెట్టా."

"ఎందుకు?"

నేను తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది. "ఎందుకేంటి? చెడిపోకుండా. వెనకటి సీసాలో లోపలేముందో అగపడేది కాదు, అట్టే అలమర్లో పెట్టేదాన్ని. ఈ కొత్త వాటిల్లో నలక కనపడతంది, పొగమసి కనపడతంది. వారం నిలవుంటే పాచి పట్టదా? ఎండ తగలకపోతే ఏ సరుకన్నా నిలిచిద్దా? పొద్దున పెడతా, సాయంత్రం లోపలికి తెస్తా. ఒక్క రోజు మానలా. మీరే కదా రాశారు, చెడిపోకుండా జాగ్రత్త చేయమని. పదకొండో నంబరు."

సోమవారం పొద్దున్నే మూత బిగించి, తుడిచి, సంచిలో పెట్టి ఉంచేది. పన్నెండో నంబరు ప్రకారం. అందుకే ఆ వానాకాలమంతా నేను ఒక్కసారి కూడా ఆ సీసాను అరుగు మీద చూడలేదు.

నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. చివరి గడిలో వరసగా ఉంది: "ఎండ బాగా తగిలింది." "మబ్బు, సగం ఎండ." "ఎండ బాగా తగిలింది." వాతావరణం గురించి కాదు. సీసా గురించి రాసింది. నేను ఇన్నాళ్ళూ వెతుకుతున్న జవాబును ఆవిడ వారం వారం నాకు రాసి ఇస్తూనే ఉంది.

క్షమించమని అడగాల్సిన చోటు అదే. అడగకుండా ఆ సీసా తీసుకుని వచ్చేశాను.

నాలుగు సీసాలు

మరుసటి వారం తెనాలి వాన నీళ్ళు తీసుకుని నాలుగు తెల్లసీసాల్లో సమానంగా పోశాను. రెండింటికి నల్లకవరు చుట్టాను. రెండు వదిలేశాను. నాలుగింటికీ మూత వదులు చేసి గుడ్డ కట్టి ల్యాబు డాబా మీద పెట్టాను. వారం తర్వాత నల్లకవరు సీసాల్లో పాదరసం ఇంచుమించు అలాగే ఉంది. ఎండ తగిలిన రెండింట్లో చాలావరకు పోయింది.

తర్వాత ఇంకో రెండు వారాలు, ఉప్పు కలిపి చూశాను. పోవడం నెమ్మదించింది, కానీ ఆగలేదు. పొయ్యి మసి కడిగిన నీళ్ళు కొద్దిగా కలిపి చూశాను. పోవడం వేగమైంది. వాడరేవులో ఉప్పు ఉంది, ఇళ్ళ పొయ్యిల పొగ ఉంది, వారం రోజుల ఎండ ఉంది. ఉప్పు ఓడిపోయింది.

మబ్బులో జరుగుతుందని మేం రాసుకున్న కథే అరుగు మీద ఆ సీసాలో జరిగింది. వాడరేవు వానలో పాదరసం లేకపోవడం కాదు, ఉన్నది సీసాలోంచి ఎగిరిపోయింది. మా ప్రాజెక్టు ప్రశ్నకు దగ్గరగా వెళ్ళిన పరీక్ష అదే. దాన్ని చేసింది మేం కాదు.

డైరెక్టర్ గారి గది

కాగితాలన్నీ వరసలో పెట్టుకుని వెళ్ళాను. ఆయన శ్రద్ధగా చూశారు. చురుకైన మనిషి, ఒక్కసారి చెబితే అర్థమవుతుంది. అందుకే ఆయనకు అర్థం కాలేదని నేను సర్దిచెప్పుకోలేను.

"చాలా బాగుందయ్యా. ఈ నాలుగు సీసాల పని మంచి పని."

"సార్, బోరు నీళ్ళని అనుమానం ఉండగానే రిపోర్టులో వాడరేవు వానలో పాదరసం అతి తక్కువ అని రాశాం. అది సరిచేయాలి."

"రిపోర్టు పోయి నెలైంది."

"సవరణ పంపుదాం సార్."

"పంపితే ఏమంటారు? సీసాలే సరిగా పెట్టుకోలేనివాళ్ళకి ఇంకో మూడేళ్ళు ప్రాజెక్టు ఎందుకంటారు. ఫైల్లో ఒక వాక్యం రాయి. పరిశీలకురాలి నిర్లక్ష్యం వల్ల కొన్ని నమూనాలు దెబ్బతిన్నాయని. ఆవిణ్ణి మానిపించేయ్. చదువులేని వాళ్ళని పెట్టుకుంటే ఇంతే."

"సార్, సూచనలు రాసింది నేను. సీసాలు మార్చింది ఆఫీసు. ఆవిడ రాసింది రాసినట్టు చేసింది."

"నిన్నెవరన్నా అడిగారా?"

అడగలేదు. అదే అసలు సంగతి. ఆఫీసువాళ్ళు ఆవిడకు ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి మానిపించారు. వాడరేవులో ఆ మాటను అందరూ ఒక్కలాగే అర్థం చేసుకున్నారు: బంగారమ్మ వాన నీళ్ళు కల్తీ చేసి దొరికిపోయింది. ఆ గురువారం నేను అక్కడ అందరి ముందు అన్న మాటకు ఇప్పుడు ఆఫీసు ముద్ర పడింది. ఆవిడ ఎండు చేప కొనేవాళ్ళు కూడా ఉప్పులో ఇసుక కలిపావా అని ఎగతాళి చేస్తున్నారని కరీముల్లా చెప్పాడు. గరాటు స్టాండు విప్పి తేవడానికి వెళ్ళింది అతనే.

అది జరిగిన కొన్నాళ్ళకు ఒక సదస్సులో డైరెక్టర్ గారు మాట్లాడారు. వెనక వరసలో కూర్చున్నాను. తెరమీద వాడరేవు సున్నాల గీత వచ్చింది. పైన శీర్షిక: క్షేత్రస్థాయిలో సూర్యకాంతి ప్రయోగం. సముద్రతీరపు వాన నీటిని సహజమైన ఎండలో ఉంచి, పాదరసం తిరిగి గాలిలోకి వెళ్ళడాన్ని తమ బృందం పరిశీలించిందని ఆయన చెప్పారు. చప్పట్లు కొట్టారు.

బయట టీ దగ్గర అడిగాను. "సార్, ఆవిడ పేరు వేయలేదు."

"ఏ ఆవిడ?"

నటించడం లేదు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. ఫైల్లో నిర్లక్ష్యం అయినది తెరమీద ప్రయోగం అయింది. ఆ రెండింటి మధ్య ఒక మనిషి ఉందన్నది ఆయన లెక్కలోనే లేదు. ఆ ఉద్యోగం నేను వదిలింది నిజానికి ఆ టీ బల్ల దగ్గరే. రాజీనామా కాగితం తర్వాత పెట్టాను.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ రంగంలో అబద్ధపు లెక్కలు రాసేవాళ్ళు తక్కువ. సరైన లెక్కకు తప్పు మనిషిని బాధ్యుణ్ణి చేసేవాళ్ళు ఎక్కువ. మీ పై అధికారి సీసా సీసాయే అన్న రోజున నోరు మూసుకుంటే, ఆ తర్వాత జరిగే ప్రతిదానిలో మీకూ వాటా ఉంటుంది. నాకు ఉంది.

ఉత్తరం

రిపోర్టు ఎవరెవరికి వెళ్ళిందో ఆ జాబితా నా దగ్గర ఉంది. వాళ్ళందరికీ నా పేరుతో ఒక పేజీ ఉత్తరం రాశాను, ఐదు అంశాలు. పంపాను. ఒక్క జవాబు రాలేదు, రిపోర్టు ఇప్పటికీ అలాగే ఉంది. అయితే పంపకముందు దాన్ని వాడరేవు తీసుకెళ్ళాను. అందులో ఉన్నది ఆవిడ పేరు, ఆవిడ చూడకుండా పంపడానికి మనసొప్పలేదు.

అదే ఇసుక, అదే ఆడవాళ్ళు. బంగారమ్మ గారు నన్ను చూసి మళ్ళీ చేపల మీదకు వంగింది.

"పిన్నీ, మీ గురించి ఒక కాయితం రాశాను. చదివి వినిపిస్తాను. ఇంటికి వెళదామా?"

"ఇంట్లో అన్నావా ఆ మాట? ఇక్కడే అన్నావు. ఇక్కడే చదువు."

చదవడం మొదలుపెట్టాను.

"గట్టిగా చదువు. సుబ్బులమ్మకి వినపడదు."

గట్టిగా చదివాను. సుబ్బులమ్మ గారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గరికొచ్చి నిలబడింది. ఒకటి, ఆ నమూనాలన్నీ వాన నీళ్ళే. రెండు, నీళ్ళు కలిపారన్న ఆరోపణ అబద్ధం, ఆ మాట అన్నది నేను. మూడు, సూచనల్లో తప్పు నాది, సీసాలు మార్చడంలో తప్పు ఆఫీసుది. నాలుగు, సూచనల మీద సరైన అవగాహన లేకపోవడం వల్ల బంగారమ్మ గారు నమూనాలను ఎండలో...

"ఆగు," అంది. "ఎవరికి లేదు అవగాహన?"

నేను కాగితం వంక చూశాను. మంచి ఉద్దేశంతో, నాలుగుసార్లు దిద్ది రాసిన వాక్యం.

"జాగ్రత్త చేయమన్నావు. జాగ్రత్త చేయడమంటే ఏంటో మాకు తెలుసు. ముప్పై ఏళ్ళ నుంచి చేస్తన్నా. నీకు తెలవదు. మరి లేనిది ఎవరికి?"

"నాకే పిన్నీ."

"అది కొట్టెయ్."

కొట్టేశాను. 'రాసిన సూచనను సక్రమంగా పాటించి' అని పైన రాశాను. ఐదోది చదివాను: వాడరేవు వానలో పాదరసం తక్కువ అన్న నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలి.

ఆవిడ చేతులు చీరకు తుడుచుకుని వచ్చి పక్కన నిలబడింది.

"ఇంతకీ ఆ పాదరసం ఎక్కడికి పోయింది?"

"గాల్లోకి. ఎండకి ఆవిరైపోయింది."

"గాల్లోకి పోయింది మళ్ళా వానలో పడదా?"

"పడుతుంది. మళ్ళీ మబ్బులోకి చేరి, ఎప్పుడో ఎక్కడో పడుతుంది."

"ఎక్కడ?"

"తెలియదు."

"మా వానలో అసలెంత ఉండేదో?"

"అదీ తెలియదు. ఆ నమూనాలు పోయాయి కదా. మళ్ళీ మొదటినుంచి పట్టాలి."

"మా పిల్లలు తినే చేపలో ఎంతుందో?"

"తెలియదు పిన్నీ."

"తెలవదని రాశావా కాయితంలో?"

రాయలేదు. ఐదు అంశాల్లో ఎవరి తప్పు ఎంతో కొలిచి రాశాను. తెలియనిది తెలియదని రాయాలని నాకు తోచలేదు.

"రాయి."

సుబ్బులమ్మ గారి చేపల బుట్ట బోర్లించి, దానిమీద కాగితం పెట్టి, ఆరో అంశం రాశాను. వాడరేవు వానలో పాదరసం ఎంత పడుతోందో, అక్కడి చేపలో ఎంత చేరుతోందో మాకు తెలియదు.

ఆవిడ కాగితం తీసుకుని, పెదాలు కదుపుతూ మొదటినుంచి చివరిదాకా తనే ఒకసారి చదువుకుంది. నాకు తిరిగి ఇచ్చింది.

"ఇప్పుడు సంతకం పెట్టు," అంది.